వేల మంది నడుమ ఒక అరుగు

అమెరికాలో ఏ పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీకైనా వెళ్లి మొదటి ఏడాది క్లాసు చూడండి. సినిమా హాలు లాంటి గది, మెట్లు మెట్లుగా రెండు మూడు వందల సీట్లు, కిందెక్కడో ప్రొఫెసర్, ఆయన వెనక తెర. పక్క సీటులో కూర్చున్న పిల్ల పేరు సెమిస్టర్ అయిపోయినా తెలియదు. గుంపులో గోవిందా అంటే అచ్చంగా అదే. అదే విద్యార్థి మధ్యాహ్నం ఇంకో గదిలోకి వెళతాడు. అక్కడ ఒక బల్ల, చుట్టూ పద్దెనిమిదో పంతొమ్మిదో కుర్చీలు. రాత్రి చదివి రమ్మన్న పుస్తకం చదవకుండా వస్తే దాక్కోవడానికి వెనక బెంచీ లేదు. పేరు పెట్టి పిలిచి అభిప్రాయం అడుగుతారు. చెప్పినదాన్ని ఎదురుగా కూర్చున్నవాడు ఒప్పుకోడు. మొదటి గది యూనివర్సిటీది. రెండోది ఆ యూనివర్సిటీ కడుపులోనే ఉన్న ఆనర్స్ కాలేజీది.

కాలేజీ అనగానే మన జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ లెక్కన వేరే ప్రహరీ, వేరే ప్రిన్సిపాల్ ఉంటారనుకోకూడదు. ఆనర్స్ కాలేజీలో చేరినవాడు ఇంజనీరింగో బయాలజీయో సంగీతమో ఎప్పటిలా తన డిపార్ట్‌మెంట్‌లోనే చదువుతాడు. డిగ్రీ ఇచ్చేదీ ఆ యూనివర్సిటీయే. దానికి తోడు నాలుగేళ్ల పాటు ఒక చిన్న సంఘంలో చోటు దొరుకుతుంది. కొన్ని చిన్న క్లాసులు, విడిగా హాస్టలు, పేరు గుర్తుపెట్టుకునే సలహాదారు, చాలాచోట్ల అందరికంటే ముందు కోర్సులు ఎంచుకునే వీలు, చివరి ఏడాది ఒక థీసిస్. వేల మంది తిరిగే ఊళ్లో పదిమంది కూర్చునే అరుగు అనుకుంటే సరిపోతుంది. ఆ అరుగు ఎక్కే అర్హత ఎవరిది, దాని ఖర్చెవరిది, ఎక్కి కూర్చున్నాక జరుగుతున్నదేమిటి అన్నది చూడాలి. నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ మన ఊరి కాలేజీ దాకా వచ్చేసింది కనుక ఇది దూరపు ముచ్చట కూడా కాదు.

ఈ పద్ధతికి వేరు ఇంగ్లండ్‌లో ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్స్ స్కాలర్‌గా చదివొచ్చిన ఫ్రాంక్ ఐడెలాట్ 1921లో పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కాలేజీకి అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడాదే అక్కడ ఆనర్స్ చదువు పెట్టాడు. చురుకైన పిల్లల్ని లెక్చర్ల నుంచి తప్పించి చిన్న సెమినార్లలో కూర్చోబెట్టాడు. చివర్లో పరీక్షించే పని మాత్రం పాఠం చెప్పిన పంతులుకు ఇవ్వలేదు, బయటి నుంచి పరీక్షకుల్ని పిలిపించాడు. దాంతో గురువూ శిష్యుడూ ఒకే జట్టయ్యారు. మూడో మనిషి ముందు ఇద్దరి పరువూ ఒకటే కదా. మార్కుల కోసం పంతుల్ని మంచి చేసుకోవాల్సిన పని పోయింది. ఆనర్స్ చదువు గురించి తర్వాత వందేళ్లలో వచ్చిన ఆలోచనల్లో నా మటుకు నాకు ఇంతకంటే తెలివైనది కనబడలేదు. అక్కడ ఇప్పటికీ ఆ పద్ధతే నడుస్తోంది.

స్వార్త్‌మోర్ చిన్న ప్రైవేటు కాలేజీ. ప్రభుత్వ యూనివర్సిటీల్లో టెక్సస్ లాంటివి ముందే కదిలాయి. ఆస్టిన్‌లో ప్లాన్ టూ అనే ఆనర్స్ కార్యక్రమం 1935 నాటిది. కానీ దేశమంతా ఊపు రావడానికి సోవియట్ యూనియన్ పుణ్యం కావలసి వచ్చింది. 1957 అక్టోబరులో స్పుత్నిక్ ఎగరగానే, తమ తెలివైన పిల్లలు ఏమైపోతున్నారన్న బెంగ అమెరికాకు పట్టుకుంది. కొలరాడో యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పే జోసెఫ్ కోహెన్ అప్పటికే యూనివర్సిటీలన్నిటినీ ఈ పనికి కూడగడుతున్నాడు. కార్నెగీ సంస్థ సొమ్ము తోడై ఆయన సంఘం ఊరూరా ఆనర్స్ కార్యక్రమాలకు దారి వేసింది. 1960లో ఓరెగాన్ యూనివర్సిటీలో నాలుగేళ్ల ఆనర్స్ కాలేజీ వెలిసింది. దానికోసం పాటుపడిన రాబర్ట్ క్లార్క్ పేరే ఇప్పుడు దానికుంది. 1966లో జాతీయ ఆనర్స్ మండలి ఏర్పడింది.

ఇంతవరకు కథంతా పంతుళ్లదే. ఆ తర్వాత డబ్బు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే వాటా మీద భరోసా సన్నగిల్లింది. 1983లో పత్రికల ర్యాంకుల జాతర మొదలైంది. మంచి మార్కులొచ్చిన సొంత రాష్ట్రం పిల్లలు హార్వర్డుకో ప్రిన్స్‌టన్‌కో ఎగిరిపోకుండా ఆపేందుకు ఒక ఆకర్షణ కావలసి వచ్చింది. పేరు శాశ్వతం చేసుకోవాలనుకునే దాతలకూ అది నచ్చింది. మెరిల్ లించ్ అధిపతిగా చేసిన విలియం ష్రాయర్ దంపతులు 1997లో 3 కోట్ల డాలర్లు ఇస్తే పెన్ స్టేట్ యూనివర్సిటీ ఆనర్స్ కాలేజీ వాళ్ల పేరు పెట్టుకుంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి ఇంటెల్ అధినేత క్రెయిగ్ బారెట్ దంపతులు 2000లో కోటి డాలర్లు ఇచ్చారు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీకి 2006లో మెకాలే దంపతుల 3 కోట్లు వచ్చాయి. (మెకాలే అనగానే మనవాళ్లు ఉలిక్కిపడనక్కర్లేదు, ఆయన వేరు.)

పుస్తకం, బల్ల, థీసిస్

పెన్ స్టేట్‌లో ఫుట్‌బాల్ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. ఆట ఉన్న శనివారం అక్కడి జనం మన జిల్లా కేంద్రాల జనాభాకు తీసిపోదు. అలాంటి చోట ష్రాయర్ విద్యార్థులు సుమారు 2,000 మంది. చాలామంది మొదటి ఏడాది ఆథర్టన్ హాల్ అనే హాస్టల్లో కలిసి ఉంటారు. ఆ యూనివర్సిటీ పిల్లలు ఏటా క్యాన్సర్ బారిన పడ్డ చిన్నారుల కోసం 46 గంటలు కూర్చోకుండా నిద్రపోకుండా నృత్యం చేసి విరాళాలు పోగుచేస్తారు. ఆనర్స్ పిల్లలు అందులో తమ జట్టుతో దిగుతారు. స్టేడియంలో అరవడం, రాత్రి మూడింటికి హాస్టల్ లాంజ్‌లో లెక్కలు చేసుకోవడం, రెండూ వాళ్ల జీవితమే. పుస్తకాల పురుగుల మఠం అనుకుని వెళ్లిన తల్లిదండ్రులు కొంచెం ఆశ్చర్యపోతారు.

అయితే సంఘం అనేది హాస్టల్ గోడల వల్ల ఏర్పడదు. ఒకే బల్ల దగ్గర ఒకే పనికి చిక్కుకున్న మనుషుల మధ్య అది పుడుతుంది. అరిజోనాలోని బారెట్ కాలేజీలో మొదటి ఏడాది రెండు సెమిస్టర్లు సాగే ఒక సెమినార్ ఉంది. హ్యూమన్ ఈవెంట్ దాని పేరు. కంప్యూటర్ సైన్స్ వాడూ నర్సింగ్ అమ్మాయీ ఆ సెమినార్ దాటాల్సిందే. అధ్యాపకుణ్ణి బట్టి పుస్తకాలు మారినా మెసొపొటేమియా గిల్గమేష్ గాథ, ప్లేటో, కన్ఫ్యూషియస్, భగవద్గీత లాంటివి తరచూ వస్తుంటాయి. పరీక్షలు చిన్నవి, వాదనలు పెద్దవి. రాసిచ్చిన వ్యాసం ఎర్రసిరా నిండా తిరిగొస్తుంది. పన్నెండో తరగతి దాకా ఏ ప్లస్ తప్ప ఎరగని పిల్లకు మొదటిసారి బి వస్తుంది. ఆ రాత్రి తన అంతస్తులో అదే బి వచ్చిన ఇంకో ముగ్గురు కనబడతారు. స్నేహం అక్కడ మొదలవుతుంది.

గీత సంగతి వచ్చింది కనుక ఒక మాట. తెలుగింట పుట్టిన పిల్లకు గీత అంటే 1974లో వచ్చిన ఘంటసాల రికార్డు, లేదా అమ్మమ్మ పూజగదిలో ఎర్ర గుడ్డలో చుట్టిన పుస్తకం. దానికి దండం పెట్టడం తెలుసు, దాన్ని విప్పి ప్రశ్నించడం తెలియదు. ఫీనిక్స్ పక్కన టెంపీలో ఒక మధ్యాహ్నం పద్దెనిమిది మంది తోటివాళ్లు అర్జునుడు యుద్ధం వద్దనడం తప్పా ఒప్పా అని గంటంపావు కొట్లాడుకుంటుంటే, నీ ఇంటి పుస్తకం కదా నువ్వేమంటావని అందరూ ఆమె వైపే తిరుగుతారు. చెప్పడానికి ఏమీ లేదని ఆమెకు అప్పుడు తెలుస్తుంది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ వస్తుంది. అమ్మానాన్నలకూ పెద్దగా తెలియదని కూడా ఆ ఫోనులోనే తేలుతుంది. ఇలాంటి ఇబ్బంది పెట్టే క్లాసు మూడు వందల సీట్ల హాల్లో దొరకదు.

రెండో ఏడాది నుంచి బంధం పలచబడుతుందని ఈ కాలేజీలను నడిపేవాళ్లే ఒప్పుకుంటారు. ఎవరి డిపార్ట్‌మెంట్ వాళ్లని లాక్కుంటుంది. అప్పుడు ఆనర్స్ కాంట్రాక్టు అనే ఏర్పాటు పని చేస్తుంది. మామూలు క్లాసులోనే ప్రొఫెసర్ దగ్గరికెళ్లి, మిగతావాళ్లు చేసేదానికి తోడు నేనిది చేస్తానని విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పందం కుదుర్చుకుంటాడు. మంచి ప్రొఫెసర్ దొరికితే అది జీవితాన్ని మలుపు తిప్పే పరిచయం. దొరకకపోతే పది పేజీల అదనపు వ్యాసం, అంతే. ఈ కాంట్రాక్టులు సగానికి సగం మొక్కుబడి తంతే అని నా అనుమానం. నిజమైన చదువుకు కొత్త క్లాసు పెట్టడం ఖర్చు. కాగితం మీద సంతకం చవక.

థీసిస్ మాత్రం మొక్కుబడి కాదు. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లవాడు ఏడాది పాటు ఒకే ప్రశ్నను పట్టుకుని కూర్చోవాలి. గైడుగా ఉండమని ప్రొఫెసర్లను తానే అడగాలి, కొందరు కాదంటే ఆ మాట పడాలి. చివరికి ఓరెగాన్, బారెట్ లాంటి చోట్ల కమిటీ ముందు కూర్చుని సమర్థించుకోవాలి. ష్రాయర్ థీసిస్‌లు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకునేలా భద్రపరుస్తారు. మార్చి నెలలో ఆనర్స్ హాస్టల్ చూస్తే మనూళ్లో ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్న ఇల్లు గుర్తొస్తుంది. ఎవరికీ నిద్ర ఉండదు, అందరికీ అందరి సంగతీ తెలుసు, ఎవరి గ్రాఫు సరిగా రాలేదో వంటగదిలో కాఫీ పెట్టుకునేవాడికి కూడా తెలుసు. మొదటి ఏడాది పుస్తకం దగ్గర కలిసినవాళ్లు మధ్యలో విడిపోయి, మళ్లీ ఇక్కడ కలుస్తారు.

హాస్టల్ లేకుండా ఇదంతా సాధ్యమా? న్యూయార్క్‌లోని మెకాలే కాలేజీ సాధ్యమేనని చూపించింది. దాని విద్యార్థులు బరూక్, బ్రూక్లిన్, హంటర్, క్వీన్స్ లాంటి వేర్వేరు క్యాంపస్‌లలో చెల్లాచెదురుగా ఉంటారు. చాలామంది ఇంటి నుంచి సబ్‌వేలో వచ్చి పోయేవాళ్లే. మాన్‌హటన్‌లో 67వ వీధిలో ఒక భవనం ఉంది, అదే వాళ్ల ఉమ్మడి చోటు. కానీ వాళ్లను కలిపే అసలు పాఠ్యపుస్తకం ఆ నగరమే. నాలుగు సెమిస్టర్లు నాలుగు సెమినార్లు. న్యూయార్క్ కళలు, న్యూయార్క్‌కు వలస వచ్చిన జనం, అక్కడి శాస్త్ర సాంకేతికత, ఆ నగరపు రేపటి రూపం. మ్యూజియంలకు నాటకాలకు వెళ్లేందుకు చేతికొక కల్చరల్ పాస్‌పోర్ట్ ఇస్తారు. వలసల సెమినార్‌లో పిల్లలు పేటలు పట్టుకుని తిరిగి జనంతో మాట్లాడి రాస్తారు. 1977 నుంచి గణపతి గుడి ఉన్న ఫ్లషింగ్, అన్ని దేశాల అంగళ్లూ ఉన్న జాక్సన్ హైట్స్ లాంటి పేటల్లో పెరిగిన పిల్లకు తన వీధే పరిశోధనాంశం అవుతుంది. నాన్న నడిపే కొట్టు హోంవర్కులోకి వస్తుంది. అమెరికాలో ఆనర్స్ పేరుతో జరుగుతున్నవాటిలో నాకు బాగా నచ్చినది ఇదే.

ఎవరికి చోటు?

మెకాలేను మెచ్చుకున్నాక దాని పుట్టుక కూడా చెప్పాలి. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ వంశం 1847లో ఉచిత విద్యాలయంగా మొదలైంది. పేద యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల పిల్లలు పైసా ఫీజు లేకుండా చదివి డాక్టర్లు, శాస్త్రవేత్తలు అయ్యారు. పోలియో టీకా కనిపెట్టిన జోనస్ సాల్క్ అక్కడి సిటీ కాలేజీ విద్యార్థే. నల్లజాతి, పోర్టోరికన్ విద్యార్థుల ఉద్యమం తర్వాత 1970లో హైస్కూలు పాసైన ప్రతివాడికీ యూనివర్సిటీలో చోటిచ్చారు. ఆరేళ్లు తిరక్కుండానే నగరం దివాలా అంచుకు చేరింది, 1976లో ఉచిత చదువు పోయింది. తలుపులు అందరికీ తెరిచిన ఆరేళ్లకే ఫీజు రావడాన్ని అక్కడి నల్లజాతివాళ్లు ఇప్పటికీ మరచిపోలేదు. 1990ల చివర్లో మేయర్ జూలియానీ వేయించిన కమిటీ, యూనివర్సిటీ దారీతెన్నూ లేకుండా కొట్టుకుపోతోందని తేల్చింది. వెనకబడినవాళ్లకు పైకి రావడానికి చెప్పే పాఠాలను నాలుగేళ్ల కాలేజీల నుంచి తీసేశారు. ఆ వెంటనే, 2001లో, ఆనర్స్ కాలేజీ పుట్టింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. కింది మెట్టు ఎక్కాల్సినవాడిని రెండేళ్ల కాలేజీకి పంపి, పై మెట్టు మీదవాడికి పల్లకి తెప్పించారు. న్యాయంగా చెప్పాలంటే పల్లకి ఎక్కినవాళ్లలో వలస కుటుంబాల పిల్లలు, వాళ్లింట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినవాళ్లు తక్కువేమీ లేరు. రాష్ట్రవాసులకు ఏడాదికి 6,930 డాలర్ల ట్యూషన్ పూర్తిగా మాఫీ కావడం వాళ్లకు చిన్న సంగతి కాదు. అయినా పాత సిటీ కాలేజీ ఒకప్పుడు అందరికీ ఇచ్చింది ఇప్పుడు ఏడాదికి కొన్ని వందల మందికే అందుతోంది.

ఇండియానా యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా ఉన్న మరీ స్పెర్బర్ 2000లో అచ్చయిన తన పుస్తకంలో ఈ పోకడను తిట్టిపోశాడు. ఆటల మోజులో పెద్ద యూనివర్సిటీలు డిగ్రీ విద్యార్థుల చదువును గాలికొదిలేశాయని, ఆనర్స్ కార్యక్రమాలు మునుగుతున్న ఓడలో కొద్దిమందికి దొరికే లైఫ్‌బోట్లని ఆయన వాదన. చిన్న క్లాసులు మంచివని తెలిసినప్పుడు అవి అందరికీ ఎందుకివ్వరన్న ప్రశ్నకు ఏ యూనివర్సిటీ కూడా సూటిగా జవాబివ్వదు. డబ్బు చాలదని చెబుతారు. మూడు వందల మంది కట్టిన ఫీజుతో నడిచే హాలు క్లాసులో మిగిలిన డబ్బే పద్దెనిమిది మంది సెమినార్‌కు ఆసరా అవుతోందన్నది మాత్రం చెప్పరు.

లోపల ఉన్నవాళ్లకూ అంతా సుఖం కాదు. ష్రాయర్‌లో నిలవాలంటే గ్రేడ్ సగటు 3.4 ఉండాలి, బారెట్‌లో 3.25. అంతకంటే జారితే హెచ్చరిక, కొంత గడువు, ఆ పైన బయటికి. మార్కులు తగ్గిన ఏడాదే మనిషికి మనుషులు కావాలి. ఇంట్లో చావో, ప్రేమలో దెబ్బో, కడుపులో దిగులో లేకుండా ఆ పిల్లల మార్కులు ఊరికే తగ్గవు. సరిగ్గా అప్పుడే అరుగు దిగిపొమ్మనడం సంఘం లక్షణం అనిపించుకోదు, పోటీ లక్షణం అవుతుంది. 2023లో అమెరికా సర్జన్ జనరల్ హోదాలో వివేక్ మూర్తి ఒంటరితనాన్ని ఒక అంటువ్యాధిగా లెక్కగట్టి ఇచ్చిన హెచ్చరిక యువత గురించి ప్రత్యేకంగా మాట్లాడింది. ఆ హెచ్చరిక వెలుగులో ఈ కటాఫ్‌లను మళ్లీ చూసుకోవాల్సిన పని ఆనర్స్ కాలేజీలకు ఉంది.

ఇక అక్కడి మన తెలుగు కుటుంబాల లెక్క వేరు. ఫ్రిస్కో, ఎడిసన్ లాంటి ఊళ్లలో పదకొండో తరగతి పిల్ల ఉన్న ఇంట్లో ఆనర్స్ అన్న మాట రోజుకొక్కసారైనా వినబడుతుంది. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీకి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతున్న ఖర్చు ఒకవైపు, సొంత రాష్ట్రం ఫీజుతో ఆనర్స్ కాలేజీ ఇంకోవైపు. పొదుపు చేసింది రేపు మెడిసిన్‌కు పనికొస్తుందని నాన్న లెక్క. అది తప్పుడు లెక్కేమీ కాదు. కానీ చాలా ఇళ్లలో ఆనర్స్ అంటే రెజ్యూమేలో ఒక వరుస, వాట్సాప్ గ్రూపులో ఒక అభినందన. సెమినార్‌లో చదివే పుస్తకాలు ప్రీమెడ్‌కు అడ్డమని, థీసిస్ తప్పించుకునే దారి ఏదైనా ఉందా అని అడిగే తల్లిదండ్రులున్నారు. అరుగు కావాలి, అరుగు మీద కబుర్లు వద్దంటే ఎలా? పైగా తెలుగు పిల్లలు ఏడెనిమిది మంది ఒకే ఆనర్స్ హాస్టల్లో పడితే తమలో తాము గుమిగూడటం కూడా మామూలే. వారాంతానికి బిర్యానీ, సినిమా, దాండియా. అందులో తప్పు లేదు. కాకపోతే ఆ సెమినార్ గది వాళ్లకు ఇవ్వగల గొప్ప వస్తువు, తమలా లేని మనిషితో గంటసేపు వాదించి కూడా స్నేహంగా లేవడం.

ఈ అరుగు ఎంత గట్టిది?

బారెట్ కాలేజీ ఇప్పుడు 7,000 మంది పైచిలుకు విద్యార్థులతో, నాలుగు క్యాంపస్‌లలో ఉంది. చిన్న సంఘం అనిపించుకునే దశ దాటిపోయింది. 2009లో టెంపీలో తొమ్మిది ఎకరాల్లో తెరిచిన దాని నివాస సముదాయంలో 1,700 మంది ఉండొచ్చు. దాని భోజనశాల చూసి పిల్లలు హ్యారీ పాటర్ సినిమాను గుర్తు చేసుకుంటారు. కానీ దాన్ని కట్టింది విద్యార్థి వసతుల వ్యాపారం చేసే ఒక ప్రైవేటు కంపెనీ. ఆ కంపెనీని 2022లో బ్లాక్‌స్టోన్ అనే పెట్టుబడి సంస్థ దాదాపు 1,300 కోట్ల డాలర్లకు కొనేసింది. పిల్లల జ్ఞాపకాలు యూనివర్సిటీవి, అద్దె మాత్రం పెట్టుబడిదారులది.

భవనాల కంటే పుస్తకాలనే నమ్ముకున్నవాళ్ల కథ ఓక్లహోమాలో జరిగింది. టల్సా యూనివర్సిటీ 2023లో తత్వవేత్త జెన్నిఫర్ ఫ్రే డీన్‌గా కొత్త ఆనర్స్ కాలేజీ తెరిచింది. ప్రాచీన గ్రంథాలు, చిన్న సెమినార్లు. పిల్లలు ఎగబడి చేరారు. రెండేళ్లకు యాజమాన్యం మారింది, 2025లో డీన్ పదవి పోయింది, చిన్న క్లాసులకు కత్తెర పడింది. పిల్లలు రాకపోవడం అక్కడ సమస్యే కాలేదు. ఇరవై మందికి ఒక అధ్యాపకుడు అన్న లెక్క ఖాతా పుస్తకం రాసేవాళ్లకు ఎప్పుడూ దుబారాగానే కనిపిస్తుంది.

మనకు పేరు ముందొచ్చింది

ఆనర్స్ మనకు కొత్త మాట కాదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ చాన్సలర్ అయ్యాక వాల్తేరులో ఆనర్స్ కోర్సులతో వెలిగింది. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ లాంటి కుర్రవాళ్లను బెంగాల్ నుంచి తెచ్చి పాఠాలు చెప్పించారు. సూరి భగవంతం, టి.ఆర్. శేషాద్రి అక్కడి ప్రయోగశాలల్లో పనిచేశారు. యూనివర్సిటీయే చిన్నది కావడంతో వేరే అరుగు కట్టాల్సిన పనే పడలేదు, ఊరంతా అరుగే. ఆ వాల్తేరులో గణితం చదివిన సి.ఆర్. రావు కలకత్తా మీదుగా ప్రపంచ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త అయి, 1988లో చేరిన చోటు పెన్ స్టేట్. ష్రాయర్ పేరు పెట్టుకున్న ఆనర్స్ కాలేజీ ఉన్నది ఆ యూనివర్సిటీలోనే.

ప్రతిభ గల పేద పిల్లల్ని ఒకచోట చేర్చి పెంచే పని కూడా మనం చేశాం. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం, ఆ వెంట వచ్చిన తాడికొండ, కొడిగెనహళ్లి బళ్లు ఆ పనే చేశాయి. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పెట్టిన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కులతో పల్లెటూరి పిల్లల్ని తీసుకున్నాయి, ప్రభుత్వ బళ్లలో చదివినవాళ్లకు అదనపు పాయింట్లు కలిపాయి. ఎంపికలో ఇంత న్యాయం అమెరికన్ ఆనర్స్ కాలేజీల్లో అరుదు. ఎంపిక అయ్యాక వాళ్లను ఎలా చూసుకున్నాం అన్నది వేరే సంగతి. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు కనీస వసతుల కోసం ఎండలో వానలో వారం రోజులు బైఠాయించారు. వేల మంది, క్రమశిక్షణ తప్పకుండా, ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆ ఏడాది మన క్యాంపస్‌లలో సంఘం అన్న మాటకు అర్థం కనిపించింది ఆ గేటు దగ్గరే.

ఇప్పుడు జాతీయ విద్యా విధానం వచ్చింది. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్లలో 120 క్రెడిట్లు తెచ్చుకుంటే మామూలు డిగ్రీ, నాలుగేళ్లలో 160 అయితే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లు పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్ 2023-24లో ఒకే మేజర్‌తో నాలుగేళ్ల పద్ధతికి మారింది. పరిశోధన అన్న మాట వినడానికి బాగుంది. కానీ రెగ్యులర్ లెక్చరర్ పోస్టులు ఏళ్లతరబడి భర్తీ కాని డిగ్రీ కాలేజీలో, గెస్ట్ ఫ్యాకల్టీ నెలజీతం కోసం ఎదురుచూసే చోట, ఆ పరిశోధనకు గైడు ఎవరు? రిపోర్టు చదివేదెవరు? జిరాక్స్ షాపులో బైండింగుతో సహా దొరికే ప్రాజెక్టులు మన ఇంజనీరింగ్ కాలేజీల దగ్గర చూసినవే. ఆనర్స్‌కూ ఆ గతి పట్టడానికి ఎంతో కాలం పట్టదు. అమెరికావాళ్లు మంచి వస్తువును కొద్దిమందికే ఇచ్చారన్నది నా ఫిర్యాదు. మనం అందరికీ ఇచ్చాం, పేరు మాత్రమే ఇచ్చాం.

డబ్బు లేదనేవాళ్లకు ఒక్క సూచన. ఐడెలాట్ బయటి పరీక్షకుడి పద్ధతికి భవనం అక్కర్లేదు. పక్క జిల్లా కాలేజీ నుంచి ఒక లెక్చరర్ వచ్చి మన పిల్లల ప్రాజెక్టు చదివి అరగంట ప్రశ్నలడిగితే బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనం మించి ఖర్చు కాదు. మెకాలే పద్ధతికీ హాస్టల్ అక్కర్లేదు. గుంటూరు మిర్చి యార్డు, సిరిసిల్ల మగ్గాల వాడ, కాకినాడ రేవు ఉన్న మనకు ఊరినే పాఠం చేసుకునే సెమినార్‌కు కొదవేముంది? ఇరవై మందికి మించని ఒక్క క్లాసు, వారానికి ఒక్కటి, ప్రతి డిగ్రీ కాలేజీలో, మార్కులు చూడకుండా వచ్చినవాళ్లందరికీ వంతులవారీగా. ఉన్నత విద్యామండళ్లు ముందుగా ఈ ఒక్కటీ చేయాలి.

పిల్లను కాలేజీలో చేర్చబోయే తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. టెంపీ అయినా తెనాలి అయినా, ఆనర్స్ ఉందని ఎవరైనా చెప్పినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. మా అమ్మాయి మొదటి ఏడాది కూర్చునే అతి చిన్న క్లాసులో ఎంతమంది ఉంటారు? చివరి ఏడాది ఆమె రాసింది మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేదెవరు? జవాబులో ఒక అంకె, ఒక మనిషి పేరు రాకపోతే ఫీజు కట్టే ముందు ఇంకోసారి ఆలోచించండి.